కడ్డీ మీద పెరిగిన ఆయిలు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా ఇంట్లోవాళ్ళు అంటారు, రేపల్లెలో ఐసు కొట్టేవాళ్ళు అంటారు, తెనాలి మార్కెట్లో నా దగ్గర చేపలు కొనే ఆడవాళ్ళు నా ముఖం మీదే అంటారు. నేనూ ఏనాడూ కాదనలేదు. చేపల వ్యాపారంలో నోరు లేని ఆడదాన్ని బతకనివ్వరని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. కానీ ఒక మనిషి విషయంలో ఆ నోరు చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు. అది చెప్పాలంటే ముందు మా బండి సంగతి చెప్పాలి.

పాత డీజిల్ బండి అది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక ఐసు పెట్టెలు పట్టే తొట్టి. మా దగ్గరికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. ఉప్పుగాలికి తలుపుల అడుగుభాగం తినేసింది. ఎడమవైపు అద్దం దిగదు, దిగితే ఎక్కదు. అయినా మా ఇల్లు గడిచింది దాని మీదే. నిజాంపట్నంలో పడవల మీంచి దిగిన సరుకుని రేపల్లె తెచ్చి, ఐసు మార్చి, పొద్దెక్కకుండా తెనాలి చేర్చాలి. వారంలో రెండు రోజులు చెరుకుపల్లి మీదుగా బాపట్ల. మా ఆయన పడవ మీద వేటకి పోయేవాడు. సరుకు, బేరాలు, బండి అన్నీ నేనే చూసుకునేదాన్ని.

బండి నడిపే ఆయనది చెరుకుపల్లి పక్కన పల్లె. చర్చికి వెళ్ళే కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్ద. మా దగ్గర తొమ్మిదేళ్ళు చేశాడు. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు. ఇక్కడ కూడా అన్నయ్య అనే రాస్తాను, ఇంకోలా రాయడం చేతకాదు. మాట తక్కువ మనిషి. నేను అరిచినప్పుడల్లా బానెట్ ఎత్తి అందులోకి తల దూర్చేసేవాడు. నా అరుపులన్నీ ఇంజనే వినేది.

బండి నడపడం ఆయన పని, ఆయిలు చూడడం నా పని. ఇది నేను పెట్టిన రూలు. మా నాన్న మరపడవ మీద ఇంజను చూసేవాడు. రేవులోంచి కదిలే ముందు ఆయిల్ కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, లాగి, ఆయిలు ఏ గీత దగ్గరుందో చూసేవాడు. ఇంకెవర్నీ ఆ కడ్డీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. సముద్రం మధ్యలో ఇంజను ఆగిపోతే వేరేవాళ్ళని తిట్టుకుని లాభం లేదు, అందుకే నా కళ్ళతోనే చూసుకుంటాను అనేవాడు. నాకూ చిన్నప్పుడే నేర్పాడు. "ఆయిలు తగ్గలేదంటే ఇంజనుకి ఏ రోగమూ లేనట్టేనమ్మా" అని చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రోజూ పొద్దున్నే కడ్డీ చూసేదాన్ని. ఒకసారి అన్నయ్య తను చూడబోతే, "నేనున్నానుగా, నీకెందుకు?" అని లాక్కున్నాను. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

ఆ సంవత్సరం వేట నిషేధం తీసేసిన మొదటి వారంలోనే బండి మొరాయించడం మొదలుపెట్టింది. రెండు నెలలు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాక పడవలన్నీ ఒక్కసారి సముద్రం మీద పడ్డాయి, సరుకు కుప్పలు తెప్పలుగా దిగుతోంది. సరిగ్గా అప్పుడే పొద్దున్నే ఇంజను లేవనంటుంది. సెల్ఫు కొట్టగా కొట్టగా తెల్లటి పొగ కక్కి, దగ్గి, ఎప్పటికో అందుకుంటుంది. చెరుకుపల్లి దాటాక వంతెన ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు గుంజుతుంది.

అన్నయ్య తన పద్ధతిలో వెతకడం మొదలుపెట్టాడు. డీజిల్ ఫిల్టరు అడుగున మర విప్పి, కొంచెం డీజిలు గాజు సీసాలోకి పట్టి, ఎండకి ఎత్తి చూశాడు. నీళ్ళు కలిసి ఉంటే అడుగున వేరుగా పేరుకుంటాయి. పేరుకోలేదు. ఫిల్టరు మార్చాడు. తర్వాత డీజిలు వచ్చే దారిలో గాలి పట్టిందేమోనని పైన స్క్రూ వదులు చేసి చేత్తో పంపు కొడితే నురగ నురగగా వచ్చింది. బుడగలు పోయేదాకా కొట్టి బిగించాడు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు మార్చాడు, వాషర్లు మార్చాడు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మళ్ళీ మామూలే.

దాంతోపాటే ఇంకో గొడవ. డీజిలు నిలవడం లేదు. అంతకుముందైతే సోమవారం ట్యాంకు నింపితే తెనాలి, బాపట్ల తిరుగుళ్ళన్నీ పోను గురువారం దాకా వచ్చేది. ఇప్పుడు బుధవారం పొద్దున్నే ముల్లు కిందికి వాలిపోతోంది.

"డీజిలు ఎక్కడో పోతుందమ్మా. ఇంజను పక్కన పంపు మీదే నాకు అనుమానంగా ఉంది. ఒక్కసారి అంగలకుదురు షెడ్డుకి తీసుకెళ్దామా అండి?" అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడా? ఇంజను విప్పి రెండు రోజులు కూర్చుంటే ఈ సరుకంతా నెత్తిన పెట్టుకుని తెనాలి పోనా?" అన్నాను.

ఆయన బానెట్ కిందికి వెళ్ళిపోయాడు.

నేనేం చేశానంటే, రెండు సిమెంటు సంచులు విప్పి, ఆ కాగితాలు బండి కింద పరిచాను. పొద్దున్నే వంగి చూస్తే ఒక్క చుక్క లేదు. మూడు రోజులు పరిచాను, మూడు రోజులూ పొడిగానే ఉన్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. కారడం లేదు, కానీ తగ్గుతోంది. బండి తాగకపోతే మనిషి తాగాలి. అంతే కదా మరి, అనుకున్నాను. ఆ నిమిషం నుంచి అన్నయ్య ఏం చేసినా దొంగతనంలాగే కనిపించింది. టీ కోసం ఆగితే అనుమానం. పెట్రోలు బంకు దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడితే అనుమానం.

ఇక ఆయిలు సంగతి. అది మాత్రం ససేమిరా తగ్గడం లేదు. తగ్గకపోగా కడ్డీ మీద పై గీత దాటి పైకి వస్తోంది. ఇంజను బంగారం అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. నేను తిడతానని భయపడి అన్నయ్యే చాటుగా ఎక్కువ పోస్తున్నాడనుకున్నాను.

"ఎందుకన్నయ్యా అంతంత పోస్తావు? గీత కనపడదా?" అని అడిగాను.

"నేను పోయలేదమ్మా" అన్నాడు.

అబద్ధం ఎంత తేలిగ్గా చెబుతున్నాడో అనుకున్నాను. ఎక్కువైన ఆయిలు కింద మర విప్పి డబ్బాలోకి నేనే తీశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. మాలో పాత ఆయిలు పారబోసే అలవాటు లేదు, పడవ చెక్కలకి పూస్తాం. మా ఆయన అది పూస్తూ, "ఇదేంటి ఇంత పల్చగా ఉంది, డీజిలు వాసనొస్తుంది" అన్నాడు కూడా. "ఆ డబ్బాలో ఇదివరకు డీజిలు పోశాంలే" అన్నాను. నిజంగానే పోశాం. మా దొడ్లో డీజిలు వాసన రాని వస్తువు ఏముంది? నేను కడ్డీ తుడిచే గుడ్డ కూడా అదే వాసన.

ఆ రోజు బుధవారం. రేపల్లెలో ఐసు దించే చోట ఒక పదిమంది దాకా ఉన్నారు. అన్నయ్య బండి దిగి, "మళ్ళీ డీజిలు కొట్టించాలమ్మా" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"కొట్టిస్తాను. నీ ఇంటికి కూడా ఒక డబ్బా కొట్టించమంటావా?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు పని ఆపేశారు. అన్నయ్యకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేను తియ్యలేదమ్మా" అన్నాడు.

ఆ రోజు అన్నయ్యా అనలేదు నేను. పేరు పెట్టి పిలిచాను. ఐసు గది లోపల గంగమ్మ పటం ఉంది. పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెచ్చి ఆయన ముందు పెట్టాను. మాలో తగువు వస్తే తేల్చుకునే పద్ధతి అది. అమ్మ ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను చెయ్యలేదని చెప్పాలి. తప్పు చేసినవాడికి చెయ్యి ముందుకి రాదని మా నమ్మకం. నా కళ్ళముందే ఎన్ని తగువులు అలా తెగిపోయాయో.

"ఆర్పి చెప్పు. వదిలేస్తాను" అన్నాను.

ఆయన పళ్ళెం వంక చూశాడు, నా వంక చూశాడు. "నేను తియ్యలేదమ్మా. ఒట్టు మాత్రం వెయ్యను."

"అయితే మీ దేవుడి మీదే వెయ్యి."

"ఎవరి మీదా వెయ్యమండి మేము. మా ఇంట్లో ఎవరం వెయ్యం. తియ్యలేదంటే తియ్యలేదు, అంతే అండి."

కర్పూరం దానంతటదే అయిపోయింది. వెనక ఎవరో, "చెయ్యి రాలేదు చూశావా" అన్నారు. నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. తొమ్మిదేళ్ళు పక్కన కూర్చుని తెనాలి దాకా వెళ్ళి వచ్చాం, ఆయన నోట ఒక్కసారి కూడా ఒట్టు అన్న మాట వినలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. మేము మాట మాటకీ ఒట్టేస్తాం. ఒట్టు వెయ్యకపోవడమే భక్తి అయిన మనుషులుంటారని నాకేం తెలుసు? తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

అన్నయ్య తాళం తీసి ఐసు పెట్టె మీద పెట్టాడు. "బండిని షెడ్డులో చూపించండమ్మా" అని నడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా మా ఆయన వేట మానుకుని బండి నడిపాడు. నేను ఊరుకున్నానా? బాపట్లలో మా దగ్గర సరుకు తీసుకునే వ్యాపారి "మీ డ్రైవరు ఏడండి?" అని అడిగితే మొత్తం కథ చెప్పాను. కాగితాలు పరిచి ఎలా కనిపెట్టానో, కర్పూరం ముందు ఎలా నీళ్ళు నమిలాడో. ఆయన నీళ్ళు నమలలేదు. ఆ ముక్క నేను కలిపాను. తెనాలిలో కూడా చెప్పాను. చెబుతుంటే బాగుంది, వినేవాళ్ళు మెచ్చుకున్నారు.

అన్నయ్య వెళ్ళిపోయినా డీజిలు నిలవలేదు. మళ్ళీ బుధవారానికే ముల్లు పడిపోయింది. మా ఆయన నా ముఖంలోకి చూసి, "నేను కూడా అమ్ముకుంటున్నానంటావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు తెనాలిలోకి వెళ్తుండగా ఆయిలు లైటు ఎర్రగా వెలగడం మొదలైంది. బండి ఆపితే ఇంజను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటక చప్పుడు. పొద్దున్నే కడ్డీ చూశాను, ఆయిలు పై గీతకి వేలెడు పైనే ఉంది. మరి లైటెందుకు వెలుగుతుంది? చేపలు ఆటోల్లోకి మార్చి పంపించి, బండిని ఇంకో బండికి కట్టి లాగించుకుని ఊరి అవతల అంగలకుదురు షెడ్డుకి తీసుకెళ్ళాం.

షెడ్డు మేస్త్రీ పెద్దాయన. సెల్ఫు కూడా కొట్టనివ్వలేదు. కడ్డీ లాగి, ఆయిలు రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. అది నీళ్ళలా జారిపోయింది.

"ఆయిలు పెరుగుతుందా అమ్మా?" అని అడిగాడు.

"అవునండి, అసలు తగ్గనే తగ్గదు" అన్నాను, అప్పటికీ గొప్పగానే.

ఆయన గోడకి వేలాడుతున్న క్యాలెండరులో అయిపోయిన నెల చింపి, దాని వెనక తెల్లవైపు కడ్డీ మీది ఆయిలు ఒక చుక్క వేశాడు. మధ్యలో నల్లటి మచ్చ నిలిచిపోయింది. దాని చుట్టూ పల్చటి తడి మెల్లగా పాకుతూ పోయింది. "నల్లది ఆయిలు. చుట్టూ పాకుతుందే, అది డీజిలు" అన్నాడు. తర్వాత ఇంజను పక్కన బిగించి ఉన్న చిన్న పంపు విప్పాడు. ట్యాంకులోంచి డీజిలు లాగి పైకి పంపే పంపు అది, అన్నయ్య అనుమానపడిన పంపు. దానికి డీజిలు పోసి చేత్తో కొడితే, పైకి పోవాల్సిన డీజిలు ఇంజను వైపు ఉండే కంతలోంచి బొట్లు బొట్లుగా కారింది. లోపలి రబ్బరు పొర చిరిగింది. ఇంజను తిరిగినంతసేపూ డీజిలు ఆయిల్లోకి దిగుతూనే ఉంది. కొంత ఆయిల్లో కలిసింది, కొంత పొగై పోయింది. పల్చబడిన ఆయిలుకి బేరింగులు అరిగాయి.

"బయటికి చుక్క కారదండి ఇది. కింద ఎంత వెతికినా కనపడదు. లోపలే పోగవుతుంది, అందుకే ఆయిలు పెరుగుతుంది. పెరిగిందంటే తగ్గినదానికంటే ప్రమాదం" అన్నాడు మేస్త్రీ. చేతులు తుడుచుకుంటూ, "డీజిలు ఎక్కువ పోతుందని మీ డ్రైవరు చెప్పలేదా అమ్మా?" అని మామూలుగా అడిగాడు.

"చెప్పాడు" అన్నాను.

అక్కడే పాత టైరు మీద కూర్చుండిపోయాను. నేను డీజిలు తియ్యలేదు అన్నాడు. నేను ఆయిలు పోయలేదు అన్నాడు. రెండూ నిజమే. ట్యాంకులో తగ్గిందే కడ్డీ మీద పెరిగింది. ఆ కడ్డీ రోజూ పొద్దున్నే నా చేతిలోనే ఉంది. ఇంకెవరి చేతిలోనూ లేదు. ఆయన్ని చూడనిచ్చి ఉంటే మొదటి వారంలోనే కనిపెట్టేవాడు. రెండు డబ్బాలు నా చేత్తో నేనే తీసి పడవకి పూయించాను. దొంగ అని ఊరంతా చాటానుగానీ ఆయిల్లో డీజిలు వాసన మాత్రం పట్టలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

బండి బాగవడానికి వారం పట్టింది. మా ఆయన, "వెళ్ళి చెప్పు. పదిమందిలో అన్నావు, పదిమందిలోనే చెప్పు" అన్నాడు. సరే అన్నాను. కానీ వెళ్ళలేదు. సరుకు ఉందన్నాను, జ్వరమన్నాను, వాన పడుతోందన్నాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? అరవడానికి ఎప్పుడూ ముందుండే నోరు ఆ ఒక్క మాట చెప్పడానికి పెగల్లేదు. అలా మూడు వారాలు గడిచిపోయాయి.

చివరికి ఆయన ఊరి నుంచి వచ్చి మా దగ్గర గంప నింపుకునే ఒక పెద్దమ్మ చెప్పింది. అన్నయ్య వాళ్ళ చర్చిలో ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనేనట. ఇరవై ఏళ్ళుగా ఆయనేనట. వాళ్ళ నాన్న తర్వాత ఆయనకి అప్పజెప్పారట. "ఇప్పుడు వేరేవాళ్ళు పడుతున్నారమ్మా. ఎవరూ ఏమీ అనలేదు. తెనాలి నుంచి మాటొచ్చింది కదా, ఆయనే మానేశాడు. వెనకాల గుమ్మం దగ్గర కూర్చుని వెళ్ళిపోతున్నాడు" అంది. ఆ మాట తెనాలిలో చెప్పింది ఎవరో ఆవిడకి తెలుసు. తెలిసే నాకు చెప్పింది.

ఆ ఆదివారమే వెళ్ళాను. పాస్టరుగారిని ముందే కలిసి, రెండు మాటలు చెప్పుకోనివ్వండి అని అడిగాను. ఆరాధన అయ్యాక ఆయన నన్ను ముందుకి పిలిచారు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. అన్నయ్య గుమ్మం దగ్గర చాప అంచున ఉన్నాడు. మార్కెట్లో వందమంది మీద అరిచిన దాన్ని, అక్కడ రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాను. పంపు పాడైందని, డీజిలు ఆయిల్లోకి దిగిందని, చూడాల్సింది నేనని, చూడనిది నేనని, ఆయన చుక్క కూడా తియ్యలేదని చెప్పాను. బాపట్లలో, తెనాలిలో చెప్పిందంతా నా నోటి పాపమని చెప్పాను. ఏడ్చాను కూడా. ఒక ముసలావిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

బయటికి వచ్చాక చెట్టు నీడలో అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. "బండికి వచ్చెయ్యి అన్నయ్యా" అన్నాను. రేపల్లెలో రైసు మిల్లు లారీ తోలుతున్నాడట, మాటిచ్చేశాడట. "బేరింగులు కూడా మార్పించారా అమ్మా?" అని అడిగాడు. మార్పించానన్నాను. "మంచిదండి" అన్నాడు. కోపం లేదు. ఉంటే బాగుండు అనిపించింది.

ఇంతలో సంఘం పెద్ద ఒకాయన వచ్చి అన్నయ్య భుజం మీద చెయ్యేసి, "విషయం తేలిపోయింది కదయ్యా. వచ్చే ఆదివారం నుంచి సంచి నువ్వే పట్టుకో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. నా మనసు అప్పుడు కాస్త తేలికపడింది. చేసినదానికి దిద్దుబాటు జరిగిపోయిందనే అనుకున్నాను.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "వద్దులెండి. ఇన్నాళ్ళూ నేను సంచి పట్టుకొస్తే ఎవరి ప్రార్థనలో వాళ్ళుండేవారు. ఇప్పుడు పట్టుకుంటే నా చేతుల వంక చూస్తారండి. చూడకూడదనుకుంటూనే చూస్తారు."

అప్పటికే అందరం ఆయన చేతుల వంకే చూస్తున్నాం, నాతో సహా.